ఎఫ్-1 విద్యార్థి వీసా మీద పార్ట్‌టైమ్ పని: 20 గంటల లెక్క, క్యాష్ జాబుల సంగతి

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఈ ఫాల్‌లో ఎమ్మెస్ చేయడానికి అమెరికా వెళ్తున్నాను. వీసా స్టాంపింగ్ అయిపోయింది. ఫీజుకి బ్యాంకు లోను తీసుకున్నాం. అద్దె, తిండి ఖర్చులైనా నేనే చూసుకుంటే నాన్నకి కాస్త ఊపిరి ఆడుతుందని నా ఆలోచన. వెళ్లగానే పనిలో చేరొచ్చా? క్యాంపస్‌లోనే రెండు చోట్ల పని దొరికితే, ఒక్కో చోట 20 గంటల చొప్పున చేయొచ్చా? మా దూరపు బంధువు ఒకాయన గ్యాస్ స్టేషన్‌లో (అక్కడి పెట్రోల్ బంకు) శని, ఆదివారాలు క్యాష్‌కి పని ఇప్పిస్తానంటున్నారు. సీనియర్లలో కొందరు పర్లేదంటారు, కొందరు వద్దంటారు. ఇంకోటి, ఇక్కడ ఒక కంపెనీకి ఫ్రీలాన్స్‌గా వెబ్‌సైట్ పని చేస్తున్నాను. అక్కడికి వెళ్లాక కూడా చేయొచ్చా? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు:
తమ్ముడూ, ముందు గ్యాస్ స్టేషన్ సంగతి చెబుతాను, మిగతావన్నీ దాని తర్వాతే. వద్దు. ఒక్క వారాంతమైనా వద్దు.

అందరూ 20 గంటలు దాటకూడదు అన్నదొక్కటే గుర్తుపెట్టుకుంటారు. ఎఫ్-1 మీద ఎన్ని గంటలు అన్నదాని కంటే ముందు ఎక్కడ అన్నది చూడాలి. క్యాంపస్‌లో అయితే, చదువు సాగుతున్న రోజుల్లో వారానికి 20 గంటల దాకా ఎవరి ప్రత్యేక అనుమతీ లేకుండానే చేసుకోవచ్చు. క్యాంపస్ బయట అయితే, సీపీటీ (చదువులో భాగంగా చేసే పనికి), ఓపీటీ (చదివిన రంగంలో, ఎక్కువగా చదువు తర్వాత చేసే పనికి) లాంటి అనుమతి చేతిలో లేనిదే ఒక్క గంట కూడా కుదరదు. గ్యాస్ స్టేషన్, మోటల్, రెస్టారెంట్, ఫుడ్ డెలివరీ యాప్, క్యాబ్ నడపడం అన్నీ ఇందులోకే వస్తాయి. జీతం క్యాష్‌గా ఇచ్చినా, చెక్కుగా ఇచ్చినా, జీతం బదులు గది ఇచ్చి తిండి పెట్టినా అది పనే.

ఇందులో చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. ఏదో కారణంతో స్టేటస్, అంటే విద్యార్థిగా చట్టబద్ధంగా ఉండే హోదా పోతే, మళ్లీ ఇవ్వమని ఇమిగ్రేషన్ వాళ్లకు రీఇన్‌స్టేట్‌మెంట్ దరఖాస్తు పెట్టుకోవచ్చు. క్రెడిట్లు తగ్గడం లాంటివాటికి సరైన కారణం చూపిస్తే ఆ దారి తెరిచే ఉంటుంది. కానీ అనుమతి లేకుండా పని చేసి ఉండకూడదన్నది ఆ దరఖాస్తుకి ఉన్న షరతుల్లోనే ఒకటి. అంటే ఈ ఒక్క తప్పుతో, దాన్ని దిద్దుకునే దారి కూడా మూసుకుపోతుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక రెండు ఉద్యోగాల మాట. క్యాంపస్‌లో ఎన్ని చోట్ల చేసినా అన్నీ కలిపే 20. లైబ్రరీలో పది చేస్తే డైనింగ్ హాల్లో మిగిలేది పదే. రేపు టీఏ (బోధనలో సాయం) గానీ ఆర్‌ఏ (పరిశోధనలో సాయం) గానీ వచ్చి అది 20 గంటలదైతే ఇంక వేరే పనికి చోటు లేదు. ఈ వారం 25, వచ్చే వారం 15 చేసి సగటు 20 అంటే ఒప్పుకోరు. ఏ వారం లెక్క ఆ వారానిదే. టైమ్‌షీట్‌లో వారం ఏ రోజు మొదలై ఏ రోజు ముగుస్తుందో మొదటి రోజే అడిగి తెలుసుకో.

డైనింగ్ హాల్ షిఫ్టుల్లో ఒక చిక్కుంది, జాగ్రత్త. షిఫ్టు రాత్రి పదికి అయిపోతుందని కాగితం మీద ఉంటుంది. గిన్నెలు తోమి, కౌంటర్లు తుడిచి, చెత్త సంచులు బయట పెట్టి, కార్డు గీసేసరికి పది ఇరవై అవుతుంది. నాలుగు షిఫ్టుల్లో అలా జరిగితే గంట పైనే. సరిగ్గా 20కి షిఫ్టులు వేయించుకుంటే వారం చివరికి 21 దాటుతుంది, అది రికార్డులో పడుతుంది. 18కి వేయించుకో. ఆ రెండు గంటల డబ్బు పోయినా పర్వాలేదు.

వేసవి సెలవులు, సెమిస్టర్ల మధ్య సెలవుల్లో క్యాంపస్‌లోనే 20 దాటి ఫుల్‌టైమ్ చేసుకోవచ్చు, తర్వాతి సెమిస్టర్‌లో చదువు కొనసాగిస్తుంటేనే. చదువు పూర్తయ్యాక మాత్రం క్యాంపస్ ఉద్యోగం కూడా ఆగిపోతుంది. ఆపైన ఓపీటీ ఉండాల్సిందే.

మరో సభ్యుడి జవాబు:
అక్క చెప్పినదానికి ఎస్‌ఎస్‌ఎన్ (జీతం, పన్నుల లెక్కకు ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు) సంగతి కలుపుతున్నాను. కొత్తగా వచ్చే విద్యార్థి తరగతులు మొదలవడానికి 30 రోజుల ముందు నుంచి క్యాంపస్‌లో పనిలో చేరొచ్చు. ముందు ఉద్యోగం దొరకాలి, తర్వాతే ఎస్‌ఎస్‌ఎన్. చాలామంది దీన్ని తిరగేసి, నంబరు లేదని ఉద్యోగానికి దరఖాస్తే పెట్టరు. పని ఇచ్చిన విభాగం నుంచి సూపర్‌వైజర్ సంతకంతో ఒక లెటర్, మీ డీఎస్‌ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) దగ్గర ఇంకో లెటర్, పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చిన ప్రవేశ పత్రం) తీసుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్లండి. దిగిన మర్నాడే పరిగెత్తకండి. పది రోజులు ఆగి వెళ్తే ప్రభుత్వ సిస్టమ్‌లో మీ వివరాలు ఎక్కి ఉంటాయి. నంబరు రాకముందే పనిలో చేరొచ్చు, దరఖాస్తు పెట్టిన రసీదు హెచ్‌ఆర్‌కి చూపించండి. పని చేసే అర్హతను చూపించే ఐ-9 ఫారం మాత్రం ఆలస్యం చేయకండి. మీ భాగం మొదటి రోజుకల్లా పూర్తవ్వాలి, చేరిన మూడు పని దినాల్లో వాళ్లు మీ కాగితాలు చూసి మిగతాది నింపాలి.

పే స్లిప్ వచ్చాక సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (పింఛను, వృద్ధుల వైద్యం కోసం జీతంలో కోసే పన్నులు) గడులు చూడండి. ఎఫ్-1 విద్యార్థులకు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మామూలుగా ఆ రెండూ కలిపి 7.65 శాతం కోయకూడదు. కోస్తే పేరోల్ వాళ్లను అడగండి. పన్ను రిటర్న్ 1040-ఎన్‌ఆర్‌లో (పన్ను లెక్కలో అమెరికా నివాసులు కానివారి ఫారం) వేయాలి. భారతీయ విద్యార్థులకు రెండు దేశాల పన్ను ఒప్పందం కింద స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను వేసే ముందు ఆదాయంలోంచి తీసేసే స్థిర మొత్తం) వస్తుంది, అది వదులుకోకండి. సంపాదన లేకపోయినా పన్ను శాఖకు 8843 ఫారం పంపాలి.

ఇంకొకరు:
అందరూ చేస్తున్నదే కదండీ. మా గదిలో నలుగురం ఉంటే ముగ్గురు బయట చేస్తున్నారు, ఇంతవరకూ ఎవరికీ ఏమీ కాలేదు. లోను ఈఎమ్ఐ కట్టాలంటే క్యాంపస్‌లో వచ్చే డబ్బు ఏ మూలకి? అక్కడ ఉద్యోగాలు మాత్రం దొరుకుతున్నాయా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది, కొట్టిపారేయను. లోను పెట్టుకుని వచ్చిన పిల్లల మీద ఎంత ఒత్తిడి ఉంటుందో తెలుసు. కానీ ఇప్పటిదాకా ఏమీ కాలేదన్నది లెక్కలోకి రాదు. పని చేసిన రోజునే పట్టుకుంటారని ఎవరూ అనరు. ఇంటికి వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఫోన్ తీసుకుని చూసే అధికారం ఇమిగ్రేషన్ వాళ్లకుంది. అందులో షిఫ్టుల వాట్సాప్ మెసేజీలు, జెల్‌లో (డబ్బు పంపుకునే యాప్) ప్రతి ఆదివారం పడిన డబ్బు కనిపిస్తే ఏం చెబుతారు? హెచ్-1బీ ఉద్యోగ వీసాకి మారేటప్పుడు స్టేటస్ సరిగా నిలబెట్టుకున్నారా అని రుజువులు అడగొచ్చు.

యజమాని సంగతి కూడా చూడండి. కనీస వేతన చట్టం ఇమిగ్రేషన్ స్టేటస్‌తో సంబంధం లేకుండా పనిచేసిన ఎవరికైనా వర్తిస్తుంది. కానీ అనుమతి లేకుండా చేసినవాళ్లు ఫిర్యాదుకి వెళ్లగలరా? ఆ భయం తెలిసిన యజమాని జీతం నెలల తరబడి ఆపితే అడిగే గొంతు మీకుండదు. రాత్రి షిఫ్టులో ఒంటరిగా కౌంటర్ దగ్గర నిలబడ్డ పిల్లాడికి ఏదైనా జరిగితే, పోలీసులకు ఫోన్ చేయడానికి కూడా వెనకాడతాడు. నాకు అన్నిటికంటే బాధ అదే.

క్యాంపస్‌లో ఉద్యోగాలు దొరకవన్నది సగమే నిజం. యూనివర్సిటీ జాబ్ పోర్టల్ ఒక్కటే చూస్తే దొరకవు. డైనింగ్, లైబ్రరీ, జిమ్ రిసెప్షన్, పార్కింగ్, ఐటీ హెల్ప్‌డెస్క్, వేరే డిపార్ట్‌మెంట్ల గ్రేడర్ పోస్టులు... ఒక్కో చోటికీ స్వయంగా వెళ్లి రెజ్యూమే ఇచ్చి రండి. సెమిస్టర్ మొదటి రెండు వారాల్లో క్లాసు వేళలు కుదరక మానేసేవాళ్లుంటారు, ఖాళీలు అప్పుడే పడతాయి. క్యాంపస్ లోపల బయటి సంస్థ నడిపే కాఫీ షాపు, పుస్తకాల షాపు కూడా విద్యార్థులకు సేవ చేసేవే కాబట్టి క్యాంపస్ పనిగానే లెక్క. అదే క్యాంపస్‌లో భవనం కడుతున్న కంపెనీలో పని మాత్రం ఈ లెక్కలోకి రాదు.

ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివాక, వచ్చినప్పుడు ఊహించని ఆర్థిక ఇబ్బంది వస్తే, ఐ-765 ఫారంతో బయట 20 గంటల పనికి అనుమతి అడిగే వీలుంది. స్పాన్సర్‌కి ఉద్యోగం పోవడం, పెద్ద వైద్య ఖర్చు లాంటివి. ముందు నుంచీ ఉన్న లోనుకి అది వర్తించదు. ఆ అనుమతి కార్డు చేతికి వచ్చాకే పని మొదలుపెట్టాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అక్కా, అన్నా. బంధువుకి ఇప్పుడే ఫోన్ చేసి కుదరదని చెప్పేశాను. ఆయనా ఏమీ అనుకోలేదు. ఫ్రీలాన్స్ సంగతి ఒక్కటే మిగిలింది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
మంచి పని చేశావు. డబ్బు ఇండియా ఖాతాలో పడినా, పని చేసేటప్పుడు నువ్వు కూర్చున్నది అమెరికాలో. యూనివర్సిటీల ఇంటర్నేషనల్ ఆఫీసులు చాలావరకు దీన్ని వద్దనే చెబుతాయి. విమానం ఎక్కేలోపు చేతిలో ఉన్న పని పూర్తిచేసి అప్పగించెయ్, కొత్తది ఒప్పుకోకు. ఎప్పుడైనా తప్పదనుకుంటే ముందు డీఎస్‌ఓని అడుగు, నోటిమాటగా కాదు, ఈమెయిల్‌లో. జవాబు దాచుకో. సీపీటీ సంగతి రెండో సెమిస్టర్‌లో అడుగు. చాలా కోర్సుల్లో అది ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే వస్తుంది. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడేస్తే ఆ డిగ్రీ మీద ఓపీటీ రాదు. మొదటి రోజు నుంచే సీపీటీ అని ఆశపెట్టే కన్సల్టెన్సీ వాళ్లు నీకు ఫోన్ చేస్తారు. అప్పుడు ఇక్కడ రాయి, మాట్లాడుకుందాం.