పర్షియన్ కథల్లో ఉత్తరాలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

కథాప్రియ:
ఆధునిక ఇరాన్ కథలు ఇంగ్లీషు అనువాదాల్లో చదువుతున్నాను. ఉత్తరాల మీద నడిచే కథలు ఏవి ముందు చదవమంటారు? ఇంకో సందేహం, కథకుడు నేరుగా చెప్పేస్తే సరిపోయే విషయానికి మధ్యలో ఈ ఉత్తరం ఎందుకు?

అనంత్:
బొజోర్గ్ అలవీ 'నామెహా' చదవండి, అంటే ఉత్తరాలు. అదే పేరుతో సంపుటి 1950ల మొదట్లో వచ్చింది. పలుకుబడి ఉన్న ఒక జడ్జికి సంతకం లేని ఉత్తరాలు వస్తుంటాయి, వాటి నిండా ఆయన పాత పాపాలే. రాసిందెవరో చెప్పను, చెబితే కథ పోతుంది. మీ సందేహానికి జవాబు ఇందులోనే ఉంది: ఎదురుగా నిలబడి అడిగినవాడి నోరు జడ్జి మూయించగలడు, కానీ ఉత్తరాన్ని ఏం చేస్తాడు, తిరిగి రాద్దామన్నా చిరునామా లేదు. అలవీ 1937లో అరెస్టయి 1941 దాకా జైల్లో ఉన్న మనిషి, అక్కడ దొరికిన చిత్తుకాగితాల మీదే కథలు రాసుకున్నాడు. దొంగచాటుగా రాసిన కాగితానికి ఎంత బలముంటుందో ఆయనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

లలిత:
హెదాయత్‌ని కూడా చదవండి. 1930 నాటి 'సజీవ సమాధి' ఒక పిచ్చివాడి రాతల రూపంలో ఉంటుంది. దీన్ని ఉత్తరాల కథల్లో కలపడం నాకు సరికాదనిపిస్తుంది, ఎందుకంటే అవతల చదివేవాళ్ళు ఎవరూ లేరు. 'గుడ్డి గుడ్లగూబ' వేరు, అందులో కథకుడు గోడ మీది తన నీడ కోసం రాస్తున్నానంటాడు. అది చిన్న నవల అనుకోండి, అయినా ఎవరికి రాస్తున్నాం అన్నది తేలగానే గొంతు ఎలా మారిపోతుందో అక్కడ బాగా తెలుస్తుంది.

సలీం:
అనంత్ గారూ, అంతా జైలు, నిర్బంధం లెక్కలోనే చూడకండి. పర్షియన్‌లో ఉత్తరం రాయడమే పెద్ద విద్య, 19వ శతాబ్దపు మంత్రి ఖాయెం మఖామ్ ఉత్తరాలను ఇప్పటికీ సాహిత్యంగానే చదువుతారు. ఆ దర్బారు గొప్ప పక్కన పెట్టి జమాల్‌జాదే 1921 సంపుటిలోని 'వీలానుద్దౌలా' చూడండి, ఇల్లూ వాకిలీ లేక వాళ్ళింట్లో వీళ్ళింట్లో బతుకీడ్చినవాడు చివరికి ఒక చీటీ రాసి పెట్టి పోతాడు. నన్ను ఎక్కువ కదిలించింది అదే.

కథాప్రియ:
చాలా థాంక్స్ అందరికీ. అలవీతో మొదలుపెడతాను. మీరు చెప్పిన వాటన్నిటిలో రాసేది ఒక్కరే, అవతలివైపు నుంచి జవాబు రావట్లేదు. రెండువైపుల ఉత్తరాలూ ఉన్న కథ ఎవరికైనా తెలిస్తే పేరు చెప్పండి.