స్థానిక పన్ను రేటును నివాసుల ఓటుకు వదలవచ్చా?

పురవాసి:
స్థానిక సంస్థ ఆస్తి పన్ను పెంచాలనుకున్నప్పుడు గానీ, పెద్ద అభివృద్ధి పనికి అప్పు తేవాలనుకున్నప్పుడు గానీ తుది మాట ఎవరిది కావాలన్నదే నేను చర్చకు పెడుతున్న ప్రశ్న. అది పన్ను కట్టే నివాసులదే కావాలని నా అభిప్రాయం. కొన్నేళ్లకోసారి వేసే ఓటులో రోడ్లు, మురుగుకాలువలు, పార్టీ మీది అభిమానం, అభ్యర్థి మీది కోపం అన్నీ కలగలిసి ఉంటాయి కనుక, ఆ ఓటును చూపించి ఫలానా పన్ను ఇంత పెంచడానికి ప్రజలు ఒప్పుకున్నారని చెప్పడం సబబు కాదు. అభ్యంతరాలకు గడువు ఇచ్చాం కదా అని అధికారులు అంటారు. అయితే ఆ ప్రకటన వెలువడే నాటికే ముసాయిదా బడ్జెట్‌లో ఆదాయం లెక్కలన్నీ కొత్త రేటు ప్రకారం వేసేసి ఉంటాయి. స్విట్జర్లాండ్‌లో అనేక కాంటన్లలోనూ (మన రాష్ట్రాల వంటివి) కమ్యూన్లలోనూ (ఊరి స్థాయి స్థానిక సంస్థలు) ఒక పరిమితి దాటిన ఖర్చు ఓటర్ల ముందుకు వస్తుంది. అందువల్ల అక్కడ పాలన ఏమీ కుంటుపడలేదు.

పద్దురాత:
పురవాసి గారూ, ఒక స్థానిక సంస్థ లెక్కల విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిగా మీతో విభేదిస్తున్నాను. పన్ను రేటును నేరుగా ఓటుకు వదిలితే ఏమవుతుందో చూడాలంటే కాలిఫోర్నియాను చూడాలి. అక్కడి ఓటర్లు 1978 జూన్‌లో 13వ ప్రతిపాదనను దాదాపు మూడింట రెండు వంతుల ఆధిక్యంతో ఆమోదించారు. ఆస్తి పన్ను మదింపు విలువలో 1 శాతానికి పరిమితమైంది. పాత ఇళ్ల విలువను 1975-76 నాటి స్థాయికి తీసుకువెళ్లి, ఇల్లు చేతులు మారేదాకా అది ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదన్నారు. ఫలితంగా ఒకే వీధిలో, ఒకే కొలతలతో పక్కపక్కనే ఉన్న రెండు ఇళ్లలో కొత్తగా కొన్నవారు పాతవారికంటే ఎన్నో రెట్లు పన్ను కట్టవలసి వస్తోంది. స్థానిక ఆదాయం పడిపోవడంతో పాఠశాలల నిధుల భారం చాలావరకు రాష్ట్ర ప్రభుత్వానికి చేరింది, భారంతో పాటే పెత్తనమూ అక్కడికే పోయింది. నగరాలు ఆ లోటు పూడ్చుకోవడానికి కొత్త నిర్మాణాల మీద రుసుములు పెంచుకున్నాయి. ఓటు వేసిన రోజున ఆ ఊళ్లో లేనివారు, అసలు పుట్టనైనా పుట్టనివారు, ఆ నిర్ణయం బరువు నేటికీ మోస్తున్నారు.

ఇంకొక విషయం కూడా ఉంది. బయటినుంచి చూసేవారికి బడ్జెట్ అంతా పంచుకోదగ్గ సొమ్ములాగే కనిపిస్తుంది. సిబ్బంది జీతాలు, నీటి పంపులకూ వీధిదీపాలకూ అయ్యే కరెంటు బిల్లు, పాత అప్పు వాయిదాలు, నిరుడు మొదలుపెట్టిన పనుల బకాయిలు తీసేస్తే, ఎవరైనా నిజంగా ఇటూ అటూ మార్చగలిగేది కొద్ది మొత్తమే. ఆ కొద్ది మొత్తం ఎంతో చెప్పకుండా పన్ను తగ్గించమంటారా అని అడిగితే, వద్దనేవారు ఎందుకుంటారు?

కాలువగట్టు:
ఓటు ఉండాలా వద్దా అన్నదాని కంటే ఓటు పత్రం ఎవరు రాస్తారన్నది ముఖ్యమని నాకు తోస్తున్నది. ఇంగ్లండ్‌లో రెండు ఉదాహరణలున్నాయి. మిల్టన్ కీన్స్ కౌన్సిల్ 1999లో తన నివాసులను పన్ను 5 శాతం పెంచాలా, 9.8 శాతమా, 15 శాతమా అని అడిగింది. ఎక్కువమంది మధ్యలోని 9.8 శాతాన్ని ఎంచుకున్నారు. ప్రజలకు లెక్క చెబితే పన్ను పెంపును కూడా ఒప్పుకుంటారని అప్పట్లో చాలామంది సంబరపడ్డారు. రెండేళ్ల తర్వాత బ్రిస్టల్ నగరం అదే పద్ధతిలో ఓటు పెట్టింది. కాకపోతే అక్కడి పత్రంలో అసలు పెంచవద్దన్న అవకాశం కూడా ఉంది. సగానికి పైగా ఓటర్లు దానికే మొగ్గారు.

ఈ రెండు ఊళ్ల ప్రజల మనస్తత్వాల్లో తేడా వెతకడం కంటే, మొదటి పత్రంలో సున్నా లేదనీ రెండోదానిలో ఉందనీ గమనిస్తే చాలు. ప్రజల తీర్పు అని మనం గొప్పగా చెప్పుకొనేదానిలో సగం, ఎంపికలు రాసిన అధికారి బల్ల మీదే తేలిపోయింది. పద్దురాత గారు ఓటర్లను తప్పుపడుతున్నారు, పురవాసి గారు వారిని నెత్తిన పెట్టుకుంటున్నారు. నివాసులను చివరి రోజున పిలిచి టిక్కు పెట్టించుకోవడాన్ని పాల్గొనడం అనవచ్చా అన్న సంగతి ఇద్దరూ వదిలేశారు.

పురవాసి:
కాలువగట్టు గారి అభ్యంతరానికి జవాబు కూడా స్విట్జర్లాండ్‌లోనే దొరుకుతుంది. గ్లారుస్ కాంటన్‌లో ఏటా మే నెలలో ఓటర్లు బహిరంగ ప్రదేశంలో సభగా కూడి కాంటన్ పన్ను రేటును ఖరారు చేస్తారు. ఆ సభలో ఎవరైనా లేచి ప్రతిపాదనను మార్చమని కోరవచ్చు. 2006లో అక్కడి ప్రభుత్వం 25 స్థానిక కమ్యూన్లను కలిపి 10 చేద్దామని ప్రతిపాదించింది. ఒక సామాన్య పౌరుడు లేచి మూడు చాలన్నాడు, సభ అతనితోనే ఏకీభవించింది. మరుసటి ఏడాది ప్రత్యేకంగా మళ్లీ సభ పెట్టినా ఆ నిర్ణయమే నిలిచి, 2011 నుంచి అమలైంది. అధికారులు రాసిచ్చిన ఎంపికల్లో మూడు అన్న మాటే లేదు. ఎంపికలు రాసే హక్కు కూడా సభకే ఇస్తే మీరు చెప్పిన చిక్కు తీరుతుంది.

మూడోవరుస:
ఆ సభలో చేతిలోని కార్డులు పైకెత్తి ఓటు వేస్తారనీ, ఆధిక్యం ఎటున్నదో వేదిక మీది అధ్యక్షుడు కంటిచూపుతో అంచనా వేస్తారనీ కూడా చెప్పాలి కదండీ. ఇరుగుపొరుగు చూస్తుండగా చెయ్యెత్తలేనివారి సంగతేమిటి? ఆ రోజు పనికి పోక తప్పనివారు, మంచం పట్టినవారిని విడిచి రాలేనివారు ఏం చేయాలి? అక్కడికి రాలేకపోతే ఆ ఓటు పోయినట్టే.

సభలకు ఎవరు వస్తారన్నది ఊహించుకోవలసిన పని లేదు. బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మసాచుసెట్స్ పట్టణాల్లో గృహనిర్మాణ అనుమతుల మీద జరిగిన సమావేశాల నమోదులను ఓటర్ల జాబితాలతో పోల్చి చూశారు. లేచి మాట్లాడేవారిలో వయసు మళ్లినవారు, మగవారు, సొంత ఇల్లున్నవారు, చాలాకాలంగా అక్కడే ఉంటున్నవారు ఊరి జనంలో ఉన్న దామాషా కంటే ఎక్కువగా ఉన్నారు. వారిలో అధికశాతం కొత్త ఇళ్లు వద్దన్నవారే. అద్దెకుండేవారు ఇంటద్దె రూపంలో ఆస్తి పన్ను భారాన్ని ఎంతో కొంత మోస్తూనే ఉంటారు. ఇక్కడ మనం ఇంతసేపు నివాసులు అంటున్నప్పుడు మనసులో ఉన్నది ఇంటి యజమానులే కాదా?

కాలువగట్టు:
మూడోవరుస గారి మాట కాదనలేనిది. అయితే దానికి కొంత మందు బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రె నగరం కనిపెట్టింది. అక్కడ 1989లో మొదలైన భాగస్వామ్య బడ్జెట్‌లో పేటలవారీ సభలు తమకు కావలసిన పనులను వరుసక్రమంలో పేర్కొనేవి. ఏ పేట సభకు ఎక్కువమంది వస్తే ఆ పేటకే ఎక్కువ డబ్బు అన్న లెక్క పెట్టలేదు. పేట జనాభా, అక్కడ లేని సౌకర్యాలు, సభ చెప్పిన ప్రాధాన్యం, ఈ మూడింటికీ బరువులు కట్టి నిధులు పంచేవారు. రోడ్డూ కాలువా లేని చోటుకు సభలో గొంతు తగ్గినా సూత్రంలో బలం ఉండేది. నగర పాలన వేరే పార్టీల చేతికి వెళ్లాక ఆ పద్ధతి నీరసించిపోయి 2017లో ఆగిపోయింది కనుక, దానికి రాజకీయ అండ ఎంత అవసరమో కూడా ఒప్పుకోవాలి. అంతకంటే ముఖ్యమైన లోపం ఒకటి ఉంది. ఆ సభలు తేల్చింది ఖర్చు సంగతే, పన్ను రేటు వాటి చేతిలో లేదు. కాలిఫోర్నియాలో దీనికి సరిగ్గా తిరగేసినట్టు జరిగింది, అక్కడివారు పన్ను తేల్చి ఖర్చు సంగతి వదిలేశారు. జమను ఒక రోజూ ఖర్చును ఇంకొక రోజూ అడిగితే, రెండుసార్లూ నిజాయితీగా జవాబు చెప్పినవారి మాటలే ఒకదానితో ఒకటి పొసగవు.

పద్దురాత:
జమాఖర్చులు ఒకే కాగితం మీద పెట్టి అడగాలన్నంత వరకు నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ కాగితం ఎప్పుడు తయారు కావాలి? పని అంచనాలు వేసి, టెండరు పిలిచాక ప్రజాభిప్రాయం అడిగితే మార్చగలిగేది శిలాఫలకం మీది పేర్లు మాత్రమే. శాఖలు తమ అవసరాలను రాసి పంపే దశలోనే, అంటే ముసాయిదాకు కొన్ని నెలల ముందే, తప్పనిసరి ఖర్చులు పోగా మిగిలేది ఎంతో ప్రకటించి, పన్ను పెంచకపోతే ఆగిపోయే పనుల పేర్లు కూడా అందులోనే రాయాలి. నివాసులు దాన్ని సవరించవచ్చు, చేర్పులు కోరవచ్చు. తుది ఓటు మాత్రం ఎన్నికైన సభ్యులకే ఉండాలి. రేపు లెక్క తప్పితే నిలదీయడానికి పేరూ ఊరూ ఉన్న మనిషి ఉండాలి కదా. ప్రజలందరూ కలిసి తప్పు చేస్తే ఏ ఆడిటరు ఎవరికి నోటీసు ఇస్తాడు?

పురవాసి:
పద్దురాత గారూ, ఆగిపోయే పనుల జాబితాను మీ విభాగమే రాస్తే, ఎప్పుడూ వీధిదీపాలూ మంచినీళ్లే ముందు ఆగిపోతాయి, అధ్యక్షుల వాహనాలు ఎన్నడూ ఆగవు. ఆ జాబితాను బయటి ఆడిటరు చేత రాయించడానికి మీరు ఒప్పుకుంటే, తుది ఓటు విషయంలో నేను మెట్టు దిగడానికి సిద్ధమే. ఒప్పుకుంటారా?