'మై జహా రహూ జహా మే': పునరుక్తా, యమకమా?

'రాజీ' (2018) సినిమాలో గుల్జార్ రాసిన 'ఏ వతన్' (ఓ స్వదేశమా) పాట పల్లవి చూడండి. 'మై జహా రహూ జహా మే యాద్ రహే తూ'. ఒకే పాదంలో 'జహా' రెండుసార్లు. ట్యూన్ నింపడానికి వేశారంటాడు మా తమ్ముడు. నాకైతే అలా అనిపించట్లేదు. ఉర్దూ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

—

పక్కా యమకమండీ, అంటే ఒకే మాట వేరే అర్థంతో మళ్లీ రావడం. మొదటి జహా 'ఎక్కడైతే', రెండోది 'లోకం'. లోకంలో నేనెక్కడున్నా నువ్వు గుర్తుండాలి అని. రెండో జహా మనకు కొత్తేం కాదు, 'సారే జహా సే అచ్ఛా'లో ఉన్నది అదే. అసలు మాట ఫారసీ 'జహాన్'. ఉర్దూ కవిత్వంలో చివరి నకారం ముక్కులోకి జారి 'జహాఁ' అవుతుంది. దాంతో రెండు మాటలూ చెవికి ఒక్కటైపోయాయి. మనం అరసున్నను అటకెక్కించాం గానీ, ఈ పాట రాసుకోవడానికి అంతకంటే సరైన గుర్తు లేదు!

ఇంకో తమాషా. ఇదే పాటలో పిల్లలు అందుకునే 'లబ్ పే ఆతీ హై దువా' రాసిందీ, 'సారే జహా' రాసిందీ ఉర్దూ కవి ఇక్బాలే. రెండోది మన దగ్గర దేశభక్తి గీతం, మొదటిది పాకిస్తాన్ బళ్లలో ప్రార్థన. కథేమో 1971 నాటిది. భారత గూఢచారి సెహ్‌మత్ పాకిస్తాన్ సైనికాధికారి ఇంటి కోడలిగా వెళ్లి, అక్కడి పిల్లలకు ఈ పాట నేర్పుతుంది. పాటలో ఎక్కడా దేశం పేరు రాదు. పిల్లలు పాడేది వాళ్ల వతన్ గురించి, ఆమె పాడేది తన వతన్ గురించి. శంకర్-ఎహ్సాన్-లాయ్ బాణీ కూడా బడి ప్రార్థనలా మెత్తగా సాగుతుంది. గూఢచారి సినిమా అనగానే వచ్చే టెన్షన్ సంగీతం ఇందులో వినపడదు. ఒకే పద్యంలో రామకథా, పాండవుల కథా రెండూ చెప్పిన పింగళి సూరన రాఘవపాండవీయం చదివిన మనకు ఇలాంటి శ్లేష (ఒకే మాటలో రెండు అర్థాలు) భలే నచ్చుతుంది.

—

యమకం వరకు ఒప్పుకుంటాను. శ్లేష మాత్రం కాదండీ. సూరన పద్యంలో పదం విరిచే తీరు మారితే అర్థమే మారిపోతుంది. ఇక్కడ 'వతన్' అంటే ఎవరికైనా స్వదేశమే, పాడే మనిషిని బట్టి ఆ దేశం ఏదన్నది మారుతోంది. వక్తను బట్టి, వినేవాణ్ని బట్టి స్ఫురించే అర్థాన్ని సంస్కృత అలంకారికుడు మమ్మటుడు వ్యంజన (పైకి చెప్పకుండా సూచించడం) కిందే చెప్పాడు. దీన్ని ధ్వని అనాలి.

—

బాగుంది. మరి ఇదే పల్లవిలో వతన్‌తో అనే 'ఆబాద్ రహే తూ'ని 'వర్ధిల్లు' అనొచ్చా?

—

అనొచ్చు గానీ, సభలో నినాదంలా ఉంటుంది. ఆబాద్ అంటే జనంతో కళకళలాడటం, నిజామాబాద్ చివర ఉన్నదీ అదే. పెద్దవాళ్లు దీవించే 'చల్లగా ఉండు' దీనికి దగ్గర. శత్రువు ఇంట్లో ఉండి సొంత దేశాన్ని తలుచుకునే అమ్మాయి నోట నినాదం కంటే దీవెనే నప్పుతుంది. కాకపోతే దాన్ని ఆ ట్యూన్‌లో ఇరికించడం నా వల్ల కాలేదు. పాటలు కట్టేవాళ్లెవరైనా ఉంటే ఓ చెయ్యి వేయండి.