చైనా చెప్పే 'ఉమ్మడి భవిష్యత్తు'ను నమ్మవచ్చా?

గోదారి గట్టు:
షీ జిన్‌పింగ్ 2013 నుంచీ చెబుతున్న 'మానవాళి ఉమ్మడి భవిష్యత్తు' అనే మాటను 2018లో చైనా రాజ్యాంగ పీఠికలోనే చేర్చారు. ఒక్క దేశం పెత్తనం వద్దు, సైనిక కూటములు వద్దు, అందరూ కలిసి ఎదగాలి అని దాని సారం. నాకు ఇందులో తప్పేమీ కనబడదు. దేశాలకు అప్పులిచ్చే అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్)లో పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా ఒక్కదానికే 16 శాతానికి పైగా ఉన్నాయి. అది వద్దంటే మిగతా ప్రపంచమంతా ఒక్కటైనా పని జరగదు. ఇది మారాలనడంలో అన్యాయం ఏముంది?

కందిచేను:
మారాలి అన్నా, నేనూ ఒప్పుకుంటా. మరి చైనా తానే ముందుండి బీజింగ్‌లో పెట్టించిన ఏఐఐబీ (ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు) ఎలా ఉంది? అక్కడ ముఖ్యమైన నిర్ణయాలకు 75 శాతం ఓట్లు కావాలి, చైనాకు 25 శాతానికి పైగా ఉన్నాయి. తాళం అదే, తాళంచెవి ఉన్న చెయ్యి మారింది.

గోదారి గట్టు:
ఆ బ్యాంకులో రెండో పెద్ద వాటాదారు మన దేశమే కదా. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు సరఫరా మెరుగుపరచడానికి 16 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది కూడా ఆ బ్యాంకే. ప్రపంచ బ్యాంకు కూడా ఆ పనికి అప్పిచ్చింది. సహకారం కాగితం మీదే ఉందని ఎలా అంటాం?

సూర్యాపేట వాసి:
అప్పుల లెక్క సరే. 2020 జూన్‌లో గల్వాన్‌లో 20 మంది మన సైనికులు చనిపోయారు. వాళ్లలో కర్నల్ సంతోష్ బాబు మా ఊరి బిడ్డ. 1954లో రెండు దేశాలూ సంతకం చేసిన పంచశీలలో మొదటి సూత్రమే ఒకరి భూభాగాన్ని ఒకరు గౌరవించడం. ఆ తర్వాత ఎనిమిదేళ్లకే యుద్ధం వచ్చింది. ఇంత జరిగాక కొత్త నినాదం వింటే మాకు ధైర్యం ఎలా వస్తుంది?

కందిచేను:
దక్షిణ చైనా సముద్రం సంగతీ చూడండి. ఫిలిప్పీన్స్ వేసిన కేసులో 2016 జూలైలో హేగ్ ట్రిబ్యునల్, చైనా తన మ్యాపుల్లో గీసుకున్న 'తొమ్మిది గీతల' లోపలి సముద్రంపై చైనా చెప్పుకునే చారిత్రక హక్కులకు చట్టబలం లేదని తేల్చింది. చైనా విచారణకూ రాలేదు, తీర్పునూ ఒప్పుకోలేదు. ఎవరికి వారు విడిగా వచ్చి మాట్లాడుకోవాలంటుంది. అంత పెద్ద దేశం ముందు చిన్న దేశం ఒంటరిగా కూర్చుంటే బేరం ఎటు తెగుతుంది? నా అభ్యంతరమంతా ఇక్కడే.

గోదారి గట్టు:
నికరాగువాలో తిరుగుబాటుదారులకు అమెరికా సాయం చేయడం తప్పని 1986లో అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన తీర్పును అమెరికా కూడా పట్టించుకోలేదు. అయినా ఒకరు చేశారని ఇంకొకరిది ఒప్పు కాదు. హేగ్ తీర్పు విషయంలో మీ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఐఎంఎఫ్ ఓట్ల మీద మాత్రం నా మాట మార్చుకోను. రేపు ఆ ఓట్లు మారితే, చైనాకు కాదు, ఆఫ్రికా దేశాలకు ముందు పెరగాలి.