సంక్రాంతికి ఊళ్ళో అందరికీ ఊపిరితిత్తుల పరీక్ష పెట్టిద్దామనుకుంటున్నాం, సరైన పనేనా?

కొండపి కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది కొండపి దగ్గర పల్లె, ఊరంతా పొగాకే. బయట ఉద్యోగాలు చేసుకునే మా ఊరివాళ్ళు సంక్రాంతికి వచ్చినప్పుడు తలా కొంత వేసుకుని ఊరికి ఏదో ఒకటి చేస్తుంటారు, పోయినేడు కంటి క్యాంపు పెట్టించారు. ఈసారి ఊపిరితిత్తుల పరీక్ష పెట్టిద్దామని నేనే అడిగాను.

కారణం మా పెద్దమ్మ. బీడీ, చుట్ట ఆమె ముట్టింది లేదు. పెళ్ళైన నాటి నుంచీ కట్టెల పొయ్యి, సీజన్లో పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర కూలి పని, అంతే. ఏళ్ళ తరబడి దగ్గు, ఆయాసం వస్తుంటే ఊళ్ళో ఆర్‌ఎంపీ ఉబ్బసం అని ఇంజెక్షన్ వేసి పంపేవాడు, రెండు రోజులు బాగుండేది, మళ్ళీ మొదలు. మొన్న వానల్లో ఊపిరాడక ఒంగోలు తీసుకెళ్ళి ఆక్సిజన్ పెట్టించాల్సి వచ్చింది. కోలుకున్నాక గొట్టంలోకి ఊదించి పరీక్ష చేసి సీఓపీడీ, అంటే గాలి గొట్టాలు ఇరుకైపోయి మళ్ళీ పూర్తిగా తెరుచుకోని జబ్బు అన్నారు, సగం ఊపిరితిత్తి సామర్థ్యం పోయిందన్నారు. బీపీ, షుగర్ ఇంటికొచ్చి మరీ చూస్తున్నారు కదా, ఇది ఎవరూ ముందే ఎందుకు చూడలేదని నాకు చాలా బాధగా ఉంది.

ఇప్పుడు ఒక మందుల కంపెనీ ఆయన మిషన్ తెచ్చి ఒక్కరోజులో రెండొందల మందికి ఉచితంగా ఊదిస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా? 30 దాటిన అందరికీ చేయించాలా, పెద్దవాళ్ళకేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పొదిలి విలేజ్ క్లినిక్ అక్క:

తమ్ముడూ, మీ పెద్దమ్మగారి సంగతి చదివితే మా క్లినిక్‌కి వచ్చే సగం మంది ఆడవాళ్ళు గుర్తొచ్చారు. నేను విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (డాక్టర్ కింద పనిచేసే ఆరోగ్య అధికారిగా) చేస్తున్నాను కాబట్టి ఒక విషయం చెబుతాను. ఎవరూ చూడట్లేదు అనేది పూర్తిగా నిజం కాదు. 30 దాటిన వాళ్ళకి ఆశా వర్కర్ ఇంటింటికీ వచ్చి నింపే సీబ్యాక్ అనే ఆరోగ్య ప్రశ్నల ఫారంలో ఊపిరి ఆడకపోవడం, రెండు వారాలు దాటిన దగ్గు, కళ్ళెలో రక్తం గురించి ప్రశ్నలున్నాయి. వంట దేనిమీద చేస్తారు, పొగలో దుమ్ములో పని చేస్తారా అనేవి కూడా ఉన్నాయి. కానీ ఆ ప్రశ్న అడిగే తీరులోనే అసలు కిటుకంతా ఉంది.

"ఆయాసం ఉందామ్మా?" అంటే లేదంటారు. ఎందుకుంటుంది, ఆయాసం వచ్చే పని మానేసి ఏళ్ళైంది కదా. బిందె కోడలు మోస్తుంది, గుడికి వెళ్ళడం మానేసింది, అదేమంటే వయసైపోయింది అంటారు. అందుకే నేను "నీ ఈడు వాళ్ళతో కలిసి నడిస్తే వెనకబడతావా? మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటావా?" అని అడుగుతాను. అప్పుడు పక్కనున్న కూతురో కోడలో అందుకుని మొత్తం చెబుతుంది.

వంట సంగతీ అంతే. గ్యాస్ ఉందా అంటే ఉంది, దీపం కింద సిలిండర్లు వస్తున్నాయి, మేం గ్యాస్ అని రాసేస్తాం. స్నానానికి నీళ్ళు దేనిమీద కాస్తారు అని అడిగి చూడు, ఇంటెనక కట్టెల పొయ్యి బయటపడుతుంది. మీరు చదువుకున్న పిల్లలు, పండక్కి ముందే ఆశాతో కలిసి ఇంటింటికీ తిరిగి ఈ ప్రశ్నలు సరిగ్గా అడిగిస్తే అదే పెద్ద సాయం.

నెల్లూరు ఛాతీ వైద్యుడు:

మీ పెద్దమ్మ గారి విషయంలో మీ బాధ న్యాయమైనది. క్యాంపు ఆలోచన కూడా మంచిదే, కానీ అందరికీ ఊదించడం మాత్రం వద్దు.

ఏ లక్షణమూ లేనివాళ్ళకి సీఓపీడీ కోసం స్క్రీనింగ్ చేయొద్దని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2016లో చెప్పింది, 2022లో మళ్ళీ అదే మాట చెప్పింది. అలా ముందుగా పట్టుకున్నందువల్ల వాళ్ళ ఆరోగ్యం మెరుగుపడినట్టు ఆధారం దొరకలేదు కాబట్టి. కానీ ఇది దగ్గు, కళ్ళె, ఆయాసం ఉన్నవాళ్ళకి వర్తించదు. వాళ్ళకి పరీక్ష చేయాల్సిందే, మన దగ్గర చేయనిది వాళ్ళకే. ఎక్స్‌రే బాగుంది కదా అని, వేలికి పెట్టే మిషన్లో ఆక్సిజన్ 97 చూపిస్తోంది కదా అని పంపించేస్తారు. మొదటి దశల్లో ఆ రెండూ మామూలుగానే ఉండొచ్చు.

ఇక రోజుకి రెండొందల మంది అనే లెక్క. స్పైరోమెట్రీ, అంటే ఆ ఊదే పరీక్ష, సరిగ్గా ఎలా చేస్తారో చెబుతాను, మీకే అర్థమవుతుంది. ముక్కుకి క్లిప్ పెట్టి, గుండెల నిండా గాలి పీల్చి, ఒక్కసారిగా గట్టిగా ఊది, ఆపకుండా ఆరు సెకన్ల దాకా ఊదుతూనే ఉండాలి. పెద్దవాళ్ళు రెండో సెకనుకే ఆపేస్తారు, పక్కన టెక్నీషియన్ "ఊదు, ఊదు, ఇంకా ఊదు" అని అరుస్తుండాలి. కనీసం మూడుసార్లు ఒకేలా రావాలి. తర్వాత గాలి గొట్టాలు తెరిచే సాల్బుటమాల్ మందు నాలుగు పఫ్‌లు స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే డబ్బాతో) ఇచ్చి, పావుగంట ఆగి మళ్ళీ మొత్తం చేయాలి. మందు ఇచ్చాక కూడా మొదటి సెకనులో వచ్చిన గాలి మొత్తం గాలిలో 0.70 కంటే తక్కువుంటే, లక్షణాలు కూడా కలిస్తే, అప్పుడు సీఓపీడీ అంటాం. మందుకి బాగా తెరుచుకుంటే ఆస్తమా వైపు ఆలోచిస్తాం. ఒక్కొక్కరికి అరగంట పైనే పడుతుంది. ఒక్క మిషన్‌తో రోజుకి రెండొందల మంది అంటే ఒక్క ఊదు ఊదించి కాగితం చేతిలో పెట్టడమే. పైగా ముసలివాళ్ళలో ఆరోగ్యంగా ఉన్నా ఆ 0.70 కిందకి రావచ్చు, జబ్బు లేని తాతకి జబ్బని రాసిచ్చినవాళ్ళమవుతాం.

అక్కగారు చెప్పినట్టు ముందు ప్రశ్నలతో ఏరండి. వాళ్ళని పీక్ ఫ్లో మీటర్‌తో ఊదించండి, అది చవకైన చిన్న గొట్టం, జబ్బు ఉందని తేల్చదు గానీ ఎవరిని ముందు పంపాలో తెలుస్తుంది. బాగా తక్కువ వచ్చినవాళ్ళని, లక్షణాలు గట్టిగా ఉన్నవాళ్ళని విడతలవారీగా ఒంగోలు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) ఊపిరితిత్తుల విభాగానికి పంపండి. రెండు వారాలు దాటి దగ్గుతున్న ప్రతి ఒక్కరికీ ముందు కళ్ళె పరీక్ష అయ్యాకే ఊదించాలి, టీబీ ఉంటే ఆ గదిలో ఉన్న అందరికీ ప్రమాదం. ఈ మధ్య గుండెపోటు వచ్చినవాళ్ళు, కంటి ఆపరేషన్ అయినవాళ్ళు గట్టిగా ఊదకూడదు. మీ ఊళ్ళో కంటి క్యాంపు జరిగిందన్నారు కాబట్టి ఇది తప్పకుండా అడగండి. కాళ్ళ వాపులు ఉన్న ఆయాసం గుండెది కావచ్చు, పాలిపోయినవాళ్ళది రక్తహీనత కావచ్చు, వాళ్ళకి బీపీ, హిమోగ్లోబిన్, ఈసీజీ చూడాలి.

మార్కాపురం పలకల అబ్బాయి:

అన్నా, ఒక్క మాట. నీ ఊళ్ళో పొగాకు, కట్టెల పొయ్యి కాబట్టి సరే, మా వైపు ఇదే క్యాంపు పెడితే ఊదే పరీక్షతో సరిపోదు. మా నాన్న పలకల ఫ్యాక్టరీలో కోత మిషన్ దగ్గర చేశాడు, సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము ఉండేది. ఆ రాతి దుమ్ములో సిలికా ఉంటుంది, అది పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ జబ్బు వస్తుంది. నాన్నకి ఊదే పరీక్షలో డాక్టర్ గారు చెప్పిన ఆ 0.70 నిష్పత్తి బాగానే వచ్చింది, మొత్తం గాలే తగ్గిపోయింది. ఎక్స్‌రే తీసి, ఏం పని చేశావని అడిగిన డాక్టర్ దొరికాకే విషయం తేలింది. ఆ జబ్బు ఉన్నవాళ్ళకి టీబీ కూడా తొందరగా వస్తుందట. చీమకుర్తి క్వారీల్లో డ్రిల్లింగ్ చేసేవాళ్ళకీ ఇదే భయం. కాబట్టి మీ కాగితంలో "ఇప్పుడేం పని" అని కాకుండా "చిన్నప్పటి నుంచీ ఏమేం పనులు చేశావు" అని రాయించండి. మీ ఊరి నుంచి కూడా క్వారీలకి పోయినవాళ్ళు ఉంటారు.

కొండపి కుర్రాడు:

అందరికీ చాలా థాంక్స్. రెండొందల మంది ప్లాన్ వదిలేస్తున్నాం, ఆ కంపెనీ ఆయనకి ఇప్పుడే ఫోన్ చేసి వద్దని చెప్పాను. ఇంకొక్క సందేహం డాక్టర్ గారూ. జబ్బు ఉందని తేలినా పోయిన ఊపిరితిత్తి తిరిగి రాదు కదా, మరి తెలుసుకుని లాభమేంటని మా వాళ్ళు కొందరు అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

నెల్లూరు ఛాతీ వైద్యుడు:

తిరిగి రాదు, నిజమే. కానీ మిగిలినదాన్ని కాపాడుకోవచ్చు. బీడీ, చుట్ట మానేస్తే తరుగుదల నెమ్మదిస్తుంది, ఏ వయసులో మానినా ఫలితం ఉంటుంది. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356 ఉచిత నంబరు ఉంది. ఇన్‌హేలర్లు సరిగ్గా వాడితే ఆయాసం తగ్గుతుంది, మీ పెద్దమ్మగారికి వచ్చినట్టు ఉన్నట్టుండి ముదిరి ఆస్పత్రి పాలవడం కూడా తగ్గుతుంది. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా వేయించుకోవాలి. "ఇన్‌హేలర్ మొదలెడితే అలవాటైపోతుంది" అనే మాట మన పల్లెల్లో ఎంతమంది ప్రాణం మీదకి తెచ్చిందో నేను రోజూ చూస్తున్నాను, దయచేసి మీ క్యాంపులో ఆ ఒక్క భయం పోగొట్టండి. పీల్చే పద్ధతి ప్రతి ఒక్కరి చేతా మీ ఎదురుగా చేయించండి. చాలామంది నొక్కడం ముందు, పీల్చడం తర్వాత చేస్తారు, మందంతా నోట్లోనే ఉండిపోతుంది.

పొదిలి విలేజ్ క్లినిక్ అక్క:

ఇంకోటి తమ్ముడూ, తేదీ మార్చండి. సంక్రాంతి దాటితే బ్యారన్లు మొదలవుతాయి, రేయింబవళ్ళు కట్టెలు ఎగదోసేవాళ్ళు, ఆకు కట్టే ఆడవాళ్ళు మీ క్యాంపుకి ఎక్కడొస్తారు? చూడాల్సింది వాళ్ళనే కదా. పండక్కి వచ్చినవాళ్ళతో ఇంటింటి ప్రశ్నలు పూర్తి చేయించి, ఊదే పరీక్షకి పంపడం బ్యారన్ల పని అయిపోయాక పెట్టుకోండి. చందా డబ్బుల్లో కొంత ఒంగోలు ఆటో ఖర్చులకి, మొదటి రెండు మూడు నెలల ఇన్‌హేలర్లకి పక్కన పెట్టండి. మీ పీహెచ్‌సీలో ఏ ఇన్‌హేలర్లు స్టాకున్నాయో ఫార్మసిస్టుని ఇప్పుడే అడిగితే, లేనివి ఇండెంట్ పెట్టించడానికి మెడికల్ ఆఫీసర్ గారికి టైం ఉంటుంది. ప్రశ్నల కాగితం నేను వాడేది తెలుగులో ఉంది, కావాలంటే మెసేజ్ చెయ్యి, పంపిస్తాను.