డ్రాగన్ బాల్: క్రిలిన్ రెండోసారి ఎలా బతికాడు? షెన్రాన్, పొరుంగా రూల్స్ ఎవరైనా తేల్చండి

నాలుగు_చుక్కల_బంతి:
డ్రాగన్ బాల్ (జపాన్ మాంగా, అనిమే)లో నామెక్ గ్రహం కథ దగ్గర లెక్క కుదరట్లేదు. ఏడు బంతులు పోగేస్తే కోరిక తీర్చే డ్రాగన్ వస్తాడు కదా: భూమి బంతులకి షెన్రాన్, నామెక్ బంతులకి పొరుంగా. ఒకసారి బతికించినవాణ్ణి షెన్రాన్ మళ్ళీ బతికించలేడంటారు. హీరో గోకు స్నేహితుడు క్రిలిన్‌ని మొదట టాంబరీన్ అనే రాక్షసుడు చంపాడు, తర్వాత నామెక్‌లో విలన్ ఫ్రీజా చంపాడు, అయినా తిరిగొచ్చాడు. గోకుని బతికించాక భూమి బంతులు ఏడాదిపాటు రాళ్ళుగా ఉండాలి కదా, ఆ ఏడాది గడవకుండానే ఎలా పనిచేశాయి? అసలు "ఫ్రీజాని చంపెయ్" అని అడిగితే పోలేదా? జీటీ సిరీస్, సినిమాల సంగతి వద్దు, అసలు కథ వరకే చెప్పండి.

పోపో_తోటమాలి:
చివరి ప్రశ్న ముందు. డ్రాగన్ శక్తి దాన్ని చేసినవాడి శక్తిని దాటదు. షెన్రాన్‌ని చేసింది భూమిని కాచే దేవుడు కామి. ఫ్రీజా ముందు కామి ఎంత? కాబట్టి ఆ కోరిక చెల్లదు. చేసినవాడు చస్తే బంతులూ పోతాయి. పిక్కొలో (గోకు పక్షాన పోరాడే యోధుడు), కామిలది ముడిపడ్డ ప్రాణం గనక, భూమి మీదికి దాడికొచ్చిన నాప్పాతో పోరులో పిక్కొలో పోగానే భూమి బంతులు పోయాయి. నామెక్ ప్రయాణం అందుకే.

నామెక్ బంతులు అక్కడి పెద్ద గురు చేసినవి, ఆ డ్రాగన్ పొరుంగా. మూడు కోరికలు తీరుస్తాడు, మళ్ళీ పిలవడానికి 130 రోజులు చాలు. కానీ నామెక్ భాషలోనే అడగాలి. ఒకే మనిషిని ఎన్నిసార్లయినా లేపుతాడు, కోరికకి ఒక్కర్నే. షెన్రాన్‌ది తిరగేసిన పద్ధతి: ఒకటే కోరిక, అందులో ఎంతమందినైనా లేపుతాడు గానీ ఒక్కొక్కరికి ఒక్కసారే. జబ్బు చేసి పోయినవాళ్ళని లేపడు. ట్రంక్స్ అనే కుర్రాడు వచ్చిన భవిష్యత్తులో గుండె జబ్బుతో పోయిన గోకు తిరిగి రాకపోవడానికి కారణం ఇదే.

కాయ్_గ్రహం_కోతి:
ఏడాది లెక్క నేను చెప్తా. నామెక్‌లో మొదటి కోరికతో పిక్కొలో లేచాడు, అతనితో కామి లేచాడు, కామితో భూమి బంతులు వచ్చాయి. అవి ఒకసారి చచ్చి పుట్టిన బంతులు కాబట్టి పాత ఏడాది వాటికి అంటదని నా లెక్క. రెండో కోరికతో పిక్కొలోని నామెక్‌కి రప్పించారు. మూడోది తీరేలోపు గురు పోయాడు, పొరుంగా మాయమయ్యాడు.

ఇక్కడే పరలోకంలో ఉండే దేవుడు కాయ్ దొర ఎత్తు వేశాడు. భూమ్మీద కామి సేవకుడు మిస్టర్ పోపో షెన్రాన్‌ని పిలిచి, "ఫ్రీజా, అతని మనుషులు చంపినవాళ్ళందర్నీ బతికించు" అని అడిగాడు. నామెక్ జనం లేచారు. ఫ్రీజా చేసిన ఘోరాల వల్లే ఆయుష్షు తరిగింది గనక గురు కూడా కాసేపటికి లేచాడు. దాంతో పొరుంగా, మిగిలిపోయిన మూడో కోరికా తిరిగొచ్చాయి. ఆ భాషలో అడగడానికి నామెక్ పిల్లాడు డెండే ఉన్నాడు, అతనూ ఫ్రీజా చంపినవాడే! గోకు, ఫ్రీజా తప్ప గ్రహం మీదున్న అందర్నీ భూమికి పంపమని అతను అడిగాడు. అదే వరుసలో ఫ్రీజా చంపిన గోకు ప్రత్యర్థి వెజిటా కూడా లేచి కూర్చున్నాడు. క్రిలిన్ మాత్రం లేవలేదు, షెన్రాన్ దగ్గర అతని వంతు ఎప్పుడో అయిపోయింది. మొత్తం సిరీస్‌లో రూల్స్‌ని ఇంత పకడ్బందీగా వాడుకున్న చోటు ఇంకోటి లేదు.

పోపో_తోటమాలి:
క్రిలిన్‌ని తర్వాత పొరుంగాయే లేపాడు, అదీ రెండు కోరికలతో. చచ్చిన చోటే లేస్తాడు కదా, నామెక్ పేలిపోయింది, అంటే నడి అంతరిక్షంలో లేస్తాడు. అందుకని ముందు ఆత్మని భూమికి తెప్పించి, తర్వాత ప్రాణం పోయించారు. మిగిలినదానితో అంతకుముందే చచ్చిన గోకు మిత్రుడు యాంచా వచ్చాడు. గోకుకీ ఇలాగే చేద్దామనుకుంటే, అతను చావనే లేదని పొరుంగా చెప్పాడు.

నాలుగు_చుక్కల_బంతి:
క్లియర్, థాంక్స్. కామి స్థానంలోకి డెండే వచ్చాక కూడా ఇవే రూల్సా?

కాయ్_గ్రహం_కోతి:
కోరికలు రెండయ్యాయి. "ఒక్కసారే" మాత్రం పోలేదు, తర్వాతి విలన్ సెల్ చేతిలో పోయిన గోకు అందుకే ఆగిపోయాడు. పొరుంగాని అడుగుదామంటే గోకు తనే వద్దన్నాడు. అప్పుడు రెండో కోరికగా క్రిలిన్, 17, 18 అనే ఆండ్రాయిడ్లని మామూలు మనుషుల్ని చేయమన్నాడు. తన శక్తికి మించిందన్నాడు షెన్రాన్. సరే, వాళ్ళ ఒంట్లో బాంబులు తీసెయ్ అంటే తీసేశాడు. పెద్దది చెల్లకపోతే చిన్నది చేసి అడగాలి, అంతే.

చివరి విలన్ బూ కథకొచ్చేసరికి పొరుంగా కూడా ఒకే కోరికతో జనాన్నంతా లేపేస్తాడు. నామెక్ కొత్త పెద్ద మూరి బంతుల శక్తి పెంచాడని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు నచ్చలేదు. నామెక్‌లో ఎవర్ని ముందు లేపాలా అన్న తర్జనభర్జన ఆ "ఒక్కర్నే" వల్లే వచ్చింది.

పోపో_తోటమాలి:
అక్కడి మూడు కోరికలూ చూడు: పేలిపోయిన భూమి, చచ్చిన జనం (మరీ చెడ్డవాళ్ళు తప్ప), గోకు శక్తి. మూడోదానిలో కొత్త బలమేమీ అడగలేదు, తరిగిపోయినదాన్ని నింపమన్నారు. "బూని చంపు" అని ఉంటే ఆ కోరిక వృథా అయ్యేది.