హత్య చేసిన మైనరుకు మూడేళ్లు చాలునా?

మట్టెవాడ వాసి: మా తమ్ముణ్ణి సద్దుల బతుకమ్మ ముందురోజు పదిహేడేళ్ల కుర్రవాడు కత్తితో పొడిచి చంపాడు. మూడేళ్లు బాల నేరస్థుల హోమ్‌లో ఉంచి వదిలేశారు. ఇరవై ఏళ్లవాడు చేస్తే యావజ్జీవం, పదిహేడేళ్లవాడు చేస్తే మూడేళ్లా?

విశ్రాంత బోధకుడు: మీ దుఃఖాన్ని కాదనను. కానీ మూడేళ్లే గరిష్ఠమన్నది సగం మాట. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న బాలల న్యాయ చట్టం ప్రకారం, పదహారు నిండినవారిపై ఘోర నేరం ఆరోపణ ఉంటే, బాలల కేసులు చూసే బాలల న్యాయ బోర్డు వారి మానసిక, శారీరక సామర్థ్యాన్నీ, ఫలితాన్ని గ్రహించే శక్తినీ, ఏ పరిస్థితుల్లో నేరం జరిగిందన్నదాన్నీ అంచనా వేసి, పిల్లల కోర్టుకు పంపవచ్చు. అక్కడ పెద్దవారిగా విచారించి శిక్ష వేస్తే, ఇరవై ఒకటి నిండేదాకా సురక్షిత గృహంలో ఉంచి, అప్పటికీ మార్పు రాలేదనుకుంటే జైలుకు మార్చవచ్చు.

మట్టెవాడ వాసి: 'పంపవచ్చు' అన్నారు, 'పంపాలి' అనలేదు. మా కేసులో పంపలేదు.

హన్మకొండ చౌరస్తా వాసి: 2012 ఢిల్లీ సామూహిక అత్యాచారం (నిర్భయ) కేసులోని మైనరు కూడా మూడేళ్లకే బయటికి వచ్చాడు.

విశ్రాంత బోధకుడు: అందరూ ఆ మూడు దగ్గరే ఆగిపోతున్నారు. నేను ఒక హోమ్‌లో కరెంటు వైరింగు నేర్పాను. ఒక పిల్లవాడు స్విచ్‌బోర్డు బిగించి, బల్బు వెలగగానే మళ్లీ విప్పి, మొదటి నుంచి బిగించేవాడు. బయటికి వెళ్లాక గతం తెలిసి ఎవరూ పనిలో పెట్టుకోలేదు. పదేళ్లు ఉంచినా ఆ పిల్లలు మన వీధులకే రావాలి కదా? మీరు అడుగుతున్నది న్యాయం కాదు, పగ.

మట్టెవాడ వాసి: ఆ మాట వెనక్కి తీసుకోండి. మా అమ్మ పాలప్యాకెట్టు కోసం వెళ్లి, దుకాణం ముందు వాణ్ణి చూసి, అక్కడే కూలబడింది. వాడు వస్తున్నాడని మాకు ఒక్కరూ చెప్పలేదు. వాడికి కౌన్సెలింగు ఇచ్చారు, పని నేర్పారు. మా గడప ఎవరూ తొక్కలేదు. ఇంకో పదేళ్లు లోపలే ఉంటే, అన్నాళ్లయినా మా అమ్మ భయం లేకుండా బయటికి వెళ్లేది.

విశ్రాంత బోధకుడు: పగ అనడం నా తప్పు, మన్నించండి. పిల్లవాణ్ణి పంపేముందు వాడి ఇంటి పరిస్థితి కనుక్కునేవాళ్లం. చనిపోయినవారి ఇంటికి ఎవరు వెళ్లారని నేను ఒక్కనాడూ అడగలేదు. అయినా శిక్ష పెంచాలంటే మాత్రం ఒప్పుకోను.

మట్టెవాడ వాసి: నేనూ నా మాట మార్చుకోను. అమ్మ ఇప్పటికీ పాలకోసం పోచమ్మమైదాన్ వైపు చుట్టు తిరిగి వెళ్తోంది.